యుద్ధం గెల్సింది మా అమ్మ

ఇప్పలగుంపులో ఎవరినైనా అడగండి, పోడు యుద్ధం గెలిచింది ఎవరని. ముసలాడైనా, బడిపిల్లయినా ఒకే పేరు చెబుతారు. పగిడయ్య. ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తారు కూడా. అది భక్తో భయమో వాళ్ళకే తెలియదు. భద్రాచలం అడవి అంచున, మణుగూరు బొగ్గు లారీల మోత గాలివాటాన వినిపించీ వినిపించనంత దూరంలో ఉన్న చిన్న గూడెం అది. అలాంటి గూడేనికి ఒక యుద్ధమూ, ఆ యుద్ధానికి ఒక కమాండరూ! నవ్వొస్తుంది గానీ, అక్కడ నవ్వితే ఏమవుతుందో రామక్కకు బాగా తెలుసు. నవ్వినందుకే ఆమె మొగుడు పోయాడు.

ఆ సంగతి ముందు చెప్పుకోవాలి.

పగిడయ్య వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్ళు దళంతో తిరిగి వచ్చినవాడు. తుపాకి అక్కడే వదిలేశాడు గానీ ఆర్డర్ వేసే అలవాటు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. అప్పట్లో అడవిశాఖ వాళ్ళు వచ్చి, అడవి నరికి పోడు కొట్టుకున్న చేలన్నీ ట్రాక్టర్లతో దున్నేస్తామని చెప్పి వెళ్ళారు. గూడెం వాళ్ళు దండాలు పెట్టారు, కాళ్ళు పట్టుకున్నారు, ఆఖరికి పగిడయ్య ముందు వెళ్ళి కూర్చున్నారు. నా మాట వింటే భూమి మిగులుతుంది, వినకపోతే మీ ఖర్మ అన్నాడతను. విన్నారు. సంతకు పోవాలన్నా అతన్నే అడగాలి. చుట్టం ఇంటికొస్తే అతనికి చెప్పాలి. ఎవరి పొయ్యి ఎప్పుడు ఆర్పాలో కూడా అతనే చెప్పాడు. యుద్ధమన్నాక తప్పదు కదా అనుకున్నారు, పిచ్చి జనం.

అతని ఎత్తు ఇదీ. మగవాళ్ళంతా గొడ్డళ్ళతో తునికి పొదల్లో దాక్కోవాలి. జీపులు చేను నడిమికి వచ్చేదాకా చిటుక్కుమన్న సప్పుడు కూడా రాకూడదు. అప్పుడు ఒక్కసారిగా మీద పడాలి.

సరిగ్గా జీపులు వచ్చే రోజే, పొద్దు పొడిచే వేళకు, బొజ్జయ్య తల్లి ప్రాణం పోయింది. బొజ్జయ్య రామక్క మొగుడు. గూడెంలో డోలు వాయించే ఇల్లు వాళ్ళది. ఏటికి ఈ పక్కా ఆ పక్కా ఉన్న గుంపులకు, అంటే ఇట్లాంటి గూడేలన్నిటికీ, ఒక కట్టుబాటు ఉంది. చావుడోలు చెవిన పడితే చేతిలో పని వదిలేసి రావాల్సిందే. మగవాళ్ళు కట్టెలు కొట్టడానికి గొడ్డళ్ళు పట్టుకొస్తారు, ఆడవాళ్ళు కుండలు తెస్తారు. వచ్చాక పరాయి గుంపు పెద్ద ఒకడు, ఎవరు పోయారు, ఎట్లా పోయారు అని అడుగుతాడు. దగ్గరి మనిషి చెప్పడం అయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు. చెప్పేదాంట్లో అబద్ధం ఉండకూడదు. ఇంట్లో శవం ఉండగా డోలు మోగకపోవడం తప్పు. శవం లేకుండా డోలు మోగించడం అంతకంటే పెద్ద తప్పు. అట్లా మోగిస్తే, ఆ డోలు ఆ ఇంట్లోంచే ఒక మనిషిని వెతుక్కుంటుందని వాళ్ళ భయం.

తల్లి పోయిందన్న కబురు పొదలో ఉన్న బొజ్జయ్యకు చేరింది. పగిడయ్య కదలొద్దన్నాడు. బొజ్జయ్య కదిలాడు. కన్నతల్లి కదా! ఇంటికి పోయి డోలు మెడలో వేసుకుని ఏడుస్తూ వాయించాడు. అంతే, గుంపు వెనక గుంపు, గట్టు మీదా, వాగులోంచీ, గొడ్డళ్ళతో జనం. అప్పుడే చేలోకి దిగిన జీపుల వాళ్ళు నలువైపులా చూశారు. అడవి మొత్తం తమ మీదికి లేచి వస్తోందనుకున్నారు. ట్రాక్టర్లు వదిలేసి మరీ పారిపోయారు. ఆ తర్వాత ఆ చేలకు పట్టాలొచ్చాయి.

పగిడయ్య పొదలోంచి లేచి వచ్చి, చూసిండ్రా అన్నాడు. అందరూ జై కొట్టారు. డోలు మోగించి పది గుంపులను రప్పించడం పగిడన్న పన్నిన ఎత్తే అని ఎవడో అన్నాడు. కాదని అతను అనలేదు.

తల్లి కర్మలు అయ్యాక, కల్లు దగ్గర, బొజ్జయ్య నోరు జారాడు. "మా పగిడన్న పొదల ఉచ్చ ఆపుకోని కూసుండు. ఈ యుద్ధం గెల్సింది మా అమ్మ! సచ్చి గెలిపిచ్చింది ముసల్ది!" అన్నాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒకడు వెళ్ళి పగిడయ్య చెవిలో వేశాడు.

తెల్లారి ఇద్దరు మనుషులు వచ్చి రామక్క కళ్ళముందే బొజ్జయ్య చేతులు నారతో కట్టి తీసుకుపోయారు. వెనక పగిడయ్య నిలబడి ఉన్నాడు. వరసకు ఆమెకు బావ, బొజ్జయ్యకు పెదనాన్న కొడుకు. శవం వాగులో దొరికింది. బొజ్జయ్య పోలీసుల ఇన్ఫార్మర్ అనీ, ఆ రోజు డోలు కొట్టింది వాళ్ళకు సైగ చేయడానికనీ పగిడయ్య గూడేన్ని కూర్చోబెట్టి చెప్పాడు. డోలు మోగడం పగిడన్న ఎత్తే అన్న నోళ్ళే, డోలు మోగించడం బొజ్జయ్య ద్రోహం అని కూడా అన్నాయి. ఒకే డోలు అదెట్లా అయింది, ఇదెట్లా అయిందని ఒక్కడైనా అడిగాడా? అడగలేదు. గెలిచినవాణ్ణి ఎవరడుగుతారు? ద్రోహికి డోలు లేదన్నాడు. సప్పుడు లేకుండా మట్టి చేశారు. ఆ రోజు పగిడయ్య రామక్క ఒళ్ళో ఉన్న పసివాడి తల నిమిరి, "పిల్లగాడు పెరగాలె గదా రామక్కా" అన్నాడు. ఆమెకు అర్థమైంది.

ఆ పిల్లవాడు వీరబాబు. పెరిగాడు. పెదనాయిన యుద్ధం కథ వింటూ పెరిగాడు. ఇప్పుడు మీసాలొచ్చిన మొగాడు.

ఈ ఏడు తొలకరికి మళ్ళీ గొడవ మొదలైంది. గుట్ట కింద కొత్తగా కొట్టిన పోడు చుట్టూ కందకం తవ్వి మొక్కలు పెడతామని అడవిశాఖ కబురు పంపింది. ఈసారి పోలీసులు కూడా వస్తారని అందరూ అనుకున్నారు. ఇప్పలగుంపు భయపడిందా? లేదు. మన దగ్గర పగిడన్న ఉన్నాడు కదా! అతను ప్లాను చెప్పాడు. మగవాళ్ళంతా పొదల్లో దాక్కోవాలి, సప్పుడు రాకూడదు. అక్షరం పొల్లుపోకుండా పాత ప్లానే. ఫోన్ల నుంచి కబురు బయటికి పోతుందని అందరి సెల్‌ఫోన్లూ ఒక సంచిలో వేయించి తన దగ్గర పెట్టుకున్నాడు.

ముందు రోజు సాయంత్రం వీరబాబు వాకిట్లో గొడ్డలి నూరుతున్నాడు. "అమ్మా, పొద్దుగాల లేపు. ముంగటి వరస నాకిచ్చిండు పెదనాయిన."

"ముంగట నువ్వెందుకురా? ఇంకెవ్వలు లేరా?"

"నేనే అడిగిన." వాడు తలెత్తలేదు. "మా నాయిన చేసిన పనికి నా మొఖం మీద మచ్చ ఉన్నది గద. ఎవ్వలు అనరు. అనకున్నా నాకు ఎరుకైతది. రేపటితోని అది పోవాలె."

రామక్క నిజం చెప్పేద్దామనుకుంది. చెబితే? వాడు నమ్మితే ఆ గొడ్డలితో పగిడయ్య మీదికి పోతాడు, పోయి చస్తాడు. నమ్మకపోతే అమ్మ ముఖం చూడడు. ఆమె నోరు తెరిచి, "అన్నం తిందువు రా" అంది.

వాడు తినే లోపల ఆమె పగిడయ్య ఇంటికి నడిచింది. చూరు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడతను. జుట్టంతా నెరిసింది గానీ వెన్ను వంగలేదు. ఫోన్ల సంచి కాళ్ళ దగ్గరుంది.

"బావా, పోరన్ని ఎనక వరసకు తియ్యి."

"వాడే అడిగిండు. మొగోడు."

"అట్లయితే గుంపులకన్న కబురు పంపు. ఏటవతలి జంపయ్య తాతకు చెప్తే జనాన్ని తోల్కొస్తడు. అప్పుడు గెల్సింది వాళ్ళు వచ్చుడు వల్లనే గదా."

పగిడయ్య ఆమె వైపు తిరిగాడు. "ఏమన్నవ్?"

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"అప్పుడు గెల్సింది దీనివల్ల," అని తన నుదుటి మీద వేలితో కొట్టుకున్నాడు. "యుద్ధంల తల ఒక్కటే ఉండాలె. వంద తలలుంటే దాన్ని సంత అంటరు. పది గుంపులకు చెప్తే అండ్ల ఒకడు పోయి పోలీసోళ్ళకు చెప్తడు. నీకు చెప్పాల్నా? మీ ఇంట్లనే గద జరిగింది."

కొత్తవాడెవడైనా వింటే నటిస్తున్నాడనుకుంటాడు. కాదు. ఘోరం అదే. ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ, జనం చేత చెప్పించుకునీ, అతను కూడా నమ్మేశాడు. ఆ రోజు తన ప్లాను చెడిపోయిందన్న సంగతి ఈ భూమ్మీద గుర్తున్నది రామక్క ఒక్కదానికే. ఆమె వెనక్కి వచ్చేసింది.

తెల్లవారకముందే మగవాళ్ళు పొదల్లోకి వెళ్ళిపోయారు. కాస్త పొద్దెక్కాక పిల్లలకు సూదులు వేయడానికి ఫ్లోరెన్స్ వచ్చింది. మణుగూరులో ఉండే నర్సమ్మ, ఇప్పలగుంపుకు వచ్చిందంటే ముందు రామక్క ఇంట్లోనే మంచినీళ్ళు తాగేది. ఆ రోజు స్కూటీ స్టాండు కూడా సరిగా వేయలేదు.

"రామక్కా, ఏందక్కా ఇది? రోడ్డు మీద జీపులున్నయి, సరే. ఏటి దారిల కూడ వ్యాన్లు ఆపిండ్రు. తుపాకులోళ్ళు దిగి గుట్ట ఎనక నుంచి నడుస్తున్నరు. తునికి పొదల దిక్కే! ఏసయ్యా!"

పొదల్లో ఉన్నవాళ్ళు ముందుకే చూస్తూ కూర్చుంటారు. పగిడన్న ఆర్డర్ అది, వెనక్కి తిరగరు. వెనక నుంచి తుపాకులు వస్తున్నాయి. ముందు వరసలో ఉన్నవాడు జీపుల మీదికి లేచాడా, రెండు వైపులా కాలుస్తారు.

రామక్క పరుగెత్తుకుంటూ వెళ్ళి, చూరు కింద కుర్చీలోనే ఉన్న పగిడయ్యకు చెప్పింది. ఒక్క క్షణం అతని కళ్ళు బెదిరాయి. చెయ్యి కిందికి పోయి ఫోన్ల సంచిని తడిమింది. అవతల ఎవరి దగ్గరా ఫోను లేదని గుర్తొచ్చి కాబోలు, చెయ్యి మళ్ళీ పైకొచ్చింది.

"రానీ," అన్నాడు. "వాళ్ళు గిట్లనే వస్తరని నాకు ముందే ఎరుక. ప్లాన్ల ఉన్నదే."

"ప్లాన్ల ఉన్నదా? పోరగాండ్లు సస్తరు బావా!"

"నోరు మూసుకోని ఇంట్ల కూసో. యుద్ధమన్నంక ఇద్దరు ముగ్గురు పోతరు."

ఇద్దరు ముగ్గురు! ముందు వరసలో తన కొడుకును పెట్టి ఇద్దరు ముగ్గురట! రామక్క వెనక్కి తిరిగింది. చేనుకు అడ్డంబడి పరుగెత్తితే దాక్కున్న చోటు తనే చూపించినట్టవుతుంది. అరిస్తే వినపడదు. ఇంటికి వచ్చి, అటక మీద ఎలుకలు అంచు కొరికిన డోలు కిందికి దించింది. బొజ్జయ్య తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు.

"ఎవ్వలు సచ్చిండ్రక్కా?" అని అడిగింది ఫ్లోరెన్స్, ఆమె డోలును పొయ్యి సెగకు తిప్పుతుంటే.

"ఇంకా ఎవ్వలు సావలే."

తోలు బిగిసింది. ఆడది డోలు ముట్టకూడదు, శవం లేకుండా అసలే ముట్టకూడదు. ఈ ఇంట్లో ఉన్నది తనూ వీరబాబూ. డోలు వెతుక్కుంటే ఇద్దరిలో ఒకరినే వెతుక్కోవాలి. నన్ను తీస్కో, వాణ్ణి ముట్టకు అని గట్టిగానే అంది, పక్కన మనిషి ఉందని కూడా చూడకుండా. మెడలో వేసుకుని వాకిట్లోకి వచ్చి కొట్టింది. మొదటి దెబ్బలు తప్పాయి. తర్వాత చేతులకు మొగుడి వాయింపు గుర్తొచ్చింది. ఎన్ని చావుల్లో విందని! పగిడయ్య కుర్చీలోంచి లేచి అరుస్తున్నాడు. అతని అరుపు ఆ మోతలో ఆమెకు వినబడలేదు.

ఏటవతలి గుంపు ముందు వచ్చింది. ఆ వెనక మిగతావి.

పొదల్లో ఏం జరిగిందో వీరబాబు తర్వాత తల్లికి చెప్పాడు. వెనకాల ఎండుటాకు చప్పుడైందట. ఆర్డర్ ప్రకారం వీడు తిరగలేదట. పక్కనున్న కుర్రాడు ఓర్చుకోలేక లేస్తే తొడలో తూటా దిగింది. అప్పుడు తిరిగి చూస్తే వీడి ఛాతీకి ఎదురుగా తుపాకి గొట్టం ఉంది. అది పట్టుకున్నవాడూ చిన్నవాడేనట. అప్పటిదాకా ఒంటరిగా మోగుతున్న డోలుకు సరిగ్గా అప్పుడు గట్ల మీంచి ఏడుపులు తోడయ్యాయి. వాళ్ళ ఆఫీసరు తలెత్తి చూశాడు. గట్ల మీద జనం, కుండలెత్తుకుని ఏడుస్తూ ఆడవాళ్ళు, లెక్కలేనంతమంది. చావుకొచ్చే జనం మధ్య కాల్పులంటే ఉద్యోగం పోతుందనుకున్నాడో, నిజంగానే భయపడ్డాడో, చేత్తో వెనక్కి సైగ చేశాడు. వ్యాన్లు వెళ్ళిపోయాయి.

తొడకు గాయమైన కుర్రాణ్ణి ఫ్లోరెన్స్ తన చున్నీతో కట్టు కట్టి, ట్రాక్టరు మీద దవాఖానాకు తీసుకుపోయింది. మిగిలిన జనమంతా రామక్క వాకిట్లోకి చేరేసరికి పగిడయ్య అప్పటికే అక్కడున్నాడు.

"చూసిండ్రా!" అని రెండు చేతులూ ఎత్తాడు. "లోపలిదాంక రానిచ్చి ఎనక నుంచి జనాన్ని దింపిన. గదీ ఎత్తంటే!"

"పగిడన్నకూ..." అని ఎవడో అందుకున్నాడు. జై అని గూడెమంతా అరిచింది. వీరబాబు కూడా అరిచాడు. ఛాతీ మీదికి తుపాకి వచ్చి ఇంకా గంట కూడా కాలేదు. అయినా అరిచాడు. నోటికి అలవాటు.

ఏటవతలి జంపయ్య తాత మాత్రం జై అనలేదు. గొడ్డలి కింద పెట్టి, రామక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. "డోలు మోగింది, వచ్చినం. ఎవ్వలు పోయిండ్రు బిడ్డా?"

జనం అప్పుడు చూశారు, డోలు ఆడదాని మెడలో ఉందని. ఇంట్లో శవం లేదని. గుసగుసలు మొదలయ్యాయి.

"నా పెనిమిటి," అంది రామక్క. "బొజ్జయ్య."

"ఆయన పోయి శానేండ్లాయె గద."

"పోయిండు. డోలు మోగలే. మీరు రాలే. ఇయ్యాల మోగింది, వచ్చిండ్రు. ఎట్ల పోయిండో అడుగు తాతా."

"ఆపుండ్రి!" అన్నాడు పగిడయ్య. "ఇదేం తమాషా? దీనికి మతి పోయింది."

జంపయ్య తల కూడా తిప్పలేదు. "చెప్పేటప్పుడు నడుమ మాట్లాడొద్దు పగిడయ్యా. నువ్వు దళంల తిరిగినా గుంపుల పుట్టినోనివే." తర్వాత రామక్కతో, "చెప్పు బిడ్డా. ఎట్ల పోయిండు?" అన్నాడు.

ఆమె చెప్పింది. అత్త చనిపోయిన పొద్దు నుంచి చెప్పింది. పొదలోంచి లేచి వచ్చిన మొగుణ్ణి, కల్లు దగ్గర నవ్వులను, నారతో కట్టిన చేతులను, వెనక నిలబడ్డ మనిషిని, పసివాడి తల నిమిరిన చేతిని. గొంతు ఎక్కడా పెంచలేదు. అంతా కొడుకు ముఖంలోకి చూస్తూనే చెప్పింది. వీరబాబు ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది, చివరికి పసివాడి ముఖంలా అయిపోయింది.

ఆమె చెప్పడం అయింది. కాదంటాడేమోనని అందరూ పగిడయ్య వైపు చూశారు. అతను కాదనలేదు.

"అవ్. సంపిచ్చిన," అన్నాడు. "అయితేంది? ఆర్డర్ తప్పినోన్ని ఇడిస్తే రేపు ఇంకొకడు తప్పుతడు. నన్ను చూసి నవ్వినోన్ని ఇడిస్తే నా మాట ఎవ్వలు ఇంటరు? నా మాట ఇనకుంటే ఈ భూములుంటయా? మీరు తింటున్న మక్కలు, మీ పట్టాలు, అన్నీ నా భయం వల్ల వచ్చినయి. కాదన్నోడు లేవుండ్రి."

ఎవడూ లేవలేదు. కొందరు తలలు కూడా ఊపారు, నిజమే కదా అన్నట్టు.

"పెదనాయినా," అన్నాడు వీరబాబు. "ఇయ్యాల డోలు మోగకుంటే నేను ఉండేటోన్నా?"

పగిడయ్య వాడి వైపు చూశాడు. "యుద్ధంల గవన్నీ అడగొద్దు కొడుకా," అన్నాడు. ఆ మాట ఎంతో ప్రేమగానే అన్నాడు.

జంపయ్య లేచి నిలబడ్డాడు. "అడుగుడు అయింది, చెప్పుడు అయింది. ఇగ ఎత్తాలె. శవం లేకుంటే డోలునే మంచం మీద పెట్టుండ్రి. మంచం నాలుగు కోళ్ళు ఇంటోళ్ళే మొయ్యాలె, పరాయి గుంపోళ్ళం మేము ముట్టొద్దు. తలకాడి కోడు వరసకు అన్న ఎత్తాలె."

రామక్క డోలు తీసి వాకిట్లో మంచం మీద పెట్టింది. బొజ్జయ్యకు అన్న పగిడయ్యే. అతను మంచం వైపు చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు. అతని వెనకే నిలబడ్డారు ఆ ఇంటి వంశపు మగవాళ్ళు, బాబాయిలు, తమ్ముళ్ళు, మొన్నటిదాకా వీరబాబుతో కలిసి అన్నం తిన్నవాళ్ళు. అందరి కళ్ళూ పగిడయ్య ముఖం మీదే ఉన్నాయి. ఒక్కడు ముందుకు రాలేదు.

వీరబాబు మంచం కోడు ఒకటి భుజం మీదికి ఎత్తుకున్నాడు. మంచం పక్కకు ఒరిగింది. జారిపోతున్న డోలును రామక్క పట్టుకుని మళ్ళీ మెడలో వేసుకుంది. వాడు ఖాళీ మంచాన్ని ఈడ్చుకుంటూ బయలుదేరాడు. ఆమె ముందు నడుస్తూ కొట్టింది. పరాయి గుంపుల వాళ్ళు ఏడుస్తూ వెంట వచ్చారు. మిగిలిన మూడు కోళ్ళూ గెలిచిన చేనులో మొలకలెత్తిన మక్కజొన్నను గీసుకుంటూ వస్తున్నాయి.

వాగు దగ్గరికి వచ్చేసరికి వెనక గూడెంలోంచి, "పగిడన్నకూ..." అని ఒక గొంతు వినబడింది. జై అన్నవాళ్ళు పొద్దటికంటే తక్కువే ఉన్నారు. కానీ ఉన్నారు.